గోల్కొండకు వచ్చిన గరీబులు

గత నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మా క్యాంపు నుంచి పదిమందిమి రిఫా కోట చూడటానికి వెళ్లాం. ఇన్నేళ్లుగా పని మీద పోతూ వస్తూ బస్సు కిటికీలోంచి చూడటమే గానీ లోపల కాలు పెట్టింది లేదు. హునైనియా లోయ అంచున 1812లో షేక్ సల్మాన్ బిన్ అహ్మద్ కట్టించిన కోట అది. ఎండ తగ్గింది, గాలి వీస్తోంది, అందరం హుషారుగా ఉన్నాం. ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే జగిత్యాల మేస్త్రీ అన్న గోడ మీద చెయ్యి వేసి నిమిరి, "పని మంచిగనే చేసిన్రు గని, మన గోల్కొండ ముందట ఇదెంత?" అన్నాడు.

మాట అక్కడితో ఆగితే బాగుండేది. పక్కనే ఉన్న నిజామాబాద్ తమ్ముడు అందుకున్నాడు. "గోల్కొండ మనదెట్లయితదన్నా? యాడికెళ్లో వచ్చిన సుల్తాన్లు కట్టుకున్నరు. మనల్ని ఏలిన్రు, పోయిన్రు." కడప నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ భాయ్‌కి ఆ మాట గుచ్చుకుంది. "యాడ్నించో వచ్చినోళ్లు మనోళ్లు కాదంటే, మనం ఈడికి యాడ్నించి వచ్చినాం తమ్ముడూ? ఆ కోటకు రాళ్లు మోసినోళ్లు ఎవురు?" అన్నాడు. మాట మీద మాట పెరిగింది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు.

నాలుగేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లు వాళ్లిద్దరు. ఒకరు అన్నం వండితే ఇంకొకరు కూర చేసేవారు. ఆ మర్నాటి నుంచి కుక్కర్లు వేరయ్యాయి. మూడో రోజు మేస్త్రీ అన్న మా దగ్గరికొచ్చి, "మీరు చదువుకున్నోళ్లు. చెప్పుండ్రి, కుతుబ్‌షాహీలు మనోళ్లా, పరాయోళ్లా?" అని అడిగాడు.

మేమేమీ పెద్ద చదువులు చదివినవాళ్లం కాదు. ఇంటర్ దాకా చదివి, ఇక్కడ ఆఫీసులో టైమ్ షీట్లు రాసుకునే గుమస్తాలం. మాలో ఇద్దరు మాత్రం హెచ్.ఇ.సి. గ్రూపు. అప్పట్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన రాజుల పేర్లు, సంవత్సరాలు కొన్ని ఇంకా గుర్తున్నాయి. మిగతాది సెలవు రోజుల్లో చదివి తెలుసుకున్నాం. మేస్త్రీ అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకలేదు. దొరికినంత మటుకు ఈ వారం మీ ముందు పెడుతున్నాం.

హమదాన్ నుంచి వచ్చిన కుర్రాడు

కథ మనం ఇప్పుడున్న ఈ సముద్రానికి అవతలి ఒడ్డున మొదలవుతుంది. ఇరాన్‌లో హమదాన్ అని ఒక ఊరుంది. ఆ ప్రాంతాన్ని ఒకప్పుడు కరా కొయున్లు, అంటే నల్ల గొర్రెల తెగ అనే తుర్కుమాన్ వంశం ఏలింది. 1467లో తెల్ల గొర్రెల తెగ వాళ్లను ఓడించింది. ఓడిన వంశంలో పుట్టిన పిల్లలకు సొంత ఊళ్లో చోటుండదు. అలాంటి కుర్రాడే సుల్తాన్ కులీ. ప్రాణం దక్కించుకోవడానికి, పనిలో పనిగా నాలుగు రాళ్లు సంపాదించుకోవడానికి, తన చిన్నాన్నతో కలిసి దక్కను దారి పట్టాడు.

అప్పట్లో దక్కనులో బీదర్ రాజధానిగా బహమనీ సుల్తానులు ఏలుతున్నారు. మనకు దుబాయి, బహ్రెయిన్, కువైట్ ఎలాగో, ఆ రోజుల్లో ఇరాన్ కుర్రాళ్లకు బీదర్ అలాగ. కత్తి పట్టేవాడికి, కలం పట్టేవాడికి, గుర్రాలు అమ్మేవాడికి అక్కడ పని దొరికేది. సుల్తాన్ కులీ మహమూద్ షా బహమనీ కొలువులో చేరాడు. 1487లో బీదర్ కోటలో సుల్తాను మీద హత్యాయత్నం జరిగినప్పుడు ఆయనను కాపాడినవాళ్లలో ఇతనూ ఉన్నాడు. అక్కడి నుంచి దశ తిరిగింది. కుతుబ్-ఉల్-ముల్క్ అనే బిరుదు వచ్చింది. 1496 ప్రాంతంలో తెలంగాణకు అధికారిగా వచ్చి గోల్కొండలో కుదురుకున్నాడు. మట్టికోట రాతికోటగా మారడం ఈయన కాలంలోనే మొదలైంది.

బహమనీ రాజ్యం ముక్కలైనప్పుడు దక్కనులో అధికారులంతా ఎవరికి వారు రాజులయ్యారు. గోల్కొండ స్వతంత్రమైంది 1518లో అని మన పుస్తకాల్లో ఉంటుంది. అదే 1518లో గోల్కొండలో జామా మసీదు కట్టించిన సుల్తాన్ కులీ, దాని మీది శాసనంలో మాత్రం బహమనీ సుల్తాను పేరునే చెక్కించాడు. అన్నం పెట్టినవాడి పేరును తీసేయలేదన్నమాట. జనం ఆయనను పెద్ద మాలిక్ అని పిలిచేవారు. ఆ పిలుపు ఆయన సమాధి రాతి మీద కూడా ఉంది.

గరీబు అంటే ఎవరు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బీదర్‌లో ఇలా సముద్రం దాటి వచ్చినవాళ్లను ఆఫాకీలు అనేవారు. గరీబులు అని కూడా అనేవారు. మనకు గరీబు అంటే డబ్బు లేనివాడు. అరబ్బీలో అసలు అర్థం అది కాదు. తనది కాని ఊళ్లో ఉన్నవాడు, పరాయివాడు అని అర్థం. రిఫా సూక్‌లో ఏ అరబ్బు పెద్దాయనను అడిగినా చెబుతాడు.

సముద్రం ఆ పక్క పరాయివాడు అనే అర్థం ఉన్న మాట మన ఊరికి వచ్చేసరికి బీదవాడు అయింది. ఎలా అయిందో పండితులు చెప్పాలి. మాకు మాత్రం చిత్రమనిపించలేదు. క్యాంపులో ఉన్నవాడికి ఆ రెండు అర్థాలూ వేరువేరు కావని తెలుసు.

అయితే ఆ గరీబులకూ మనకూ ఒక తేడా ఉంది, అది దాచకూడదు. సుల్తాన్ కులీ రాజవంశం వాడు. చేతిలో కత్తి, నోట్లో పారసీ భాష, ముందే వచ్చి స్థిరపడ్డ బంధుమిత్రులు ఉన్నారు. మనం వచ్చింది ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బుతో. ఆయన వచ్చిన దేశంలో ఆయన అధికారి కాగలిగాడు, రాజు కాగలిగాడు. మనం రెండేళ్లకోసారి కాగితాలు మార్చుకుంటాం. "వాళ్లూ వలస వచ్చారు, మనమూ వలస వచ్చాం" అని కడప భాయ్ అన్న మాట సగమే నిజం.

ఏడేళ్లు పరాయి పంచన

మనకు దగ్గరగా ఉండే కథ సుల్తాన్ కులీది కాదు, ఆయన కొడుకు ఇబ్రహీంది.

1543లో, తొంభై ఏళ్లు దాటిన సుల్తాన్ కులీని గోల్కొండ మసీదులోనే చంపేశారు. చంపించింది కన్నకొడుకు జంషీద్ అని చరిత్రకారులు రాశారు. జంషీద్ అంతటితో ఆగలేదు, యువరాజుగా ఉన్న అన్న కళ్లు తీయించాడు. చిన్న తమ్ముడు ఇబ్రహీం అప్పుడు దేవరకొండ కోటలో ఉన్నాడు. మన నల్గొండ జిల్లా దేవరకొండే. తరువాత తన వంతే అని తెలిసి పారిపోయాడు. మొదట బీదర్ వెళ్లాడు. అక్కడ నిలవలేక విజయనగరం చేరాడు.

విజయనగరంలో అప్పుడు పెత్తనమంతా అళియ రామరాయలది. పారిపోయి వచ్చిన తురక రాకుమారుడిని ఆయన తోసిపుచ్చలేదు. చేరదీసి, జాగీరు ఇచ్చి, గౌరవంగా ఉంచుకున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ రామరాయలే వయసులో ఉన్నప్పుడు గోల్కొండకు వచ్చి సుల్తాన్ కులీ దగ్గర కొన్నాళ్లు కొలువు చేశాడని ఒక గోల్కొండ చరిత్ర గ్రంథం చెబుతుంది. అంటే ఒకప్పుడు తండ్రి దగ్గర ఉద్యోగం చేసినవాడే తరువాత కొడుక్కి అన్నం పెట్టాడు.

ఇబ్రహీం విజయనగరంలో ఏడేళ్లున్నాడు. ఏడేళ్లంటే ఎంతో మనకు తెలుసు. మాలో ఒకరు వచ్చినప్పుడు కూతురికి ఎనిమిది నెలలు. ఏడేళ్లకు ఆ పిల్ల రెండో తరగతి. ఇబ్రహీంకు తిరిగి వెళతానన్న ఆశ కూడా లేదు. ఇంటికి వెళితే అన్న చంపేస్తాడు. ఎదురుచూడటం తప్ప వేరే పని లేదు.

ఆ ఎదురుచూపుల్లో ఆయన చుట్టూ ఉన్నవాళ్ల భాష నేర్చుకున్నాడు. విజయనగరం అంటే కృష్ణదేవరాయల భువనవిజయం నడిచిన చోటు. తెలుగు కావ్యాల మోత ఇంకా చెవుల్లో ఉన్న రోజులు. ఇబ్రహీం ఏదో పని జరుపుకోవడానికి నాలుగు మాటలు నేర్చుకుని ఊరుకోలేదు. పద్యం వినడం నేర్చుకున్నాడు, బాగుందో లేదో చెప్పడం నేర్చుకున్నాడు.

1550లో జంషీద్ చనిపోయాడు. పసివాడైన అతని కొడుకును గద్దె మీద కూర్చోబెట్టారు. గోల్కొండలో ఇబ్రహీం కోసం నిలబడ్డవాళ్లు ఎవరనుకున్నారు? కోటలకు కాపలా కాసే నాయకవాడీలు, మన తెలుగు సైనికులు. వాళ్ల నాయకుడు జగదేవరావు. పాలమూరు దిక్కు కోయిలకొండ మీదుగా ఇబ్రహీం గోల్కొండ చేరి గద్దెనెక్కాడు. ముప్ఫై ఏళ్లు ఏలాడు, 1580 దాకా.

మల్కిభరాముడు

సెలవు మీద ఇంటికి వెళ్లేటప్పుడు మనం ఏం తీసుకెళతాం? దుప్పట్లు, అత్తరు, టాంగ్ డబ్బాలు, పిల్లలకు చాక్లెట్లు. ఏడేళ్ల తరువాత ఇబ్రహీం పట్టుకెళ్లింది తెలుగు.

ఆయన కొలువులో పారసీ పండితుల పక్కన తెలుగు కవులు కూర్చున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' రాసి ఆయనకే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అనే ఊరు దానంగా దొరికింది. 'సుగ్రీవ విజయం' యక్షగానం రాసిన రుద్రకవే ఈయన. రాజును చూసి అధికారులూ అదే దారి పట్టారు. పటాన్‌చెరులో ఉండే అమీన్ ఖాన్ అనే అధికారికి పొన్నెగంటి తెలగనార్యుడు 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అది ఆషామాషీ పుస్తకం కాదు. సంస్కృతం కలపకుండా అచ్చ తెలుగులో వచ్చిన మొట్టమొదటి కావ్యం అదే. మన పటాన్‌చెరులో, ఇప్పుడు ఫ్యాక్టరీల గొట్టాలు కనిపించే ఆ చోట, ఒక ఖాన్‌గారు అచ్చ తెలుగు పద్యాలు చెప్పించుకుని విన్నాడు.

తెలుగు కవులు ఇబ్రహీంను మల్కిభరాముడు అని పిలిచారు. మాలిక్ ఇబ్రహీం అన్న పేరును మన నాలుకకు తగినట్టు మార్చుకున్నారు. ఇబ్రహీంలోంచి రాముడు వచ్చాడు. మన ఊళ్లలో ఎవరినైనా మన అనుకుంటే ముందు చేసేది పేరు మార్చడమే. ఇక్కడ క్యాంపులో బంగ్లాదేశీ వంటాయన షఫీకుల్‌ను మనవాళ్లు షబ్బీరన్న అని పిలవడం లేదూ? అలాంటిదే అది.

చెరువుల సంగతి కూడా చెప్పుకోవాలి. హుస్సేన్ సాగర్ తవ్వించింది ఇబ్రహీం కాలంలోనే, 1562 ప్రాంతంలో. పని చూసింది ఆయన అల్లుడు హుస్సేన్ షా వలీ. ఇబ్రహీంపట్నం చెరువు ఆయన పేరు మీదే ఉంది. మూసీ మీద పురానా పుల్ 1578లో పూర్తయింది. 1908 వరదలో మూసీ హైదరాబాద్‌ను ముంచేసినా ఆ వంతెన నేటికీ నిలిచే ఉంది. మేస్త్రీ అన్నకు ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "సున్నం బాగ నలిపిన్రు" అన్నాడు.

బాకీ పద్దు

ఇంతవరకు చదివి కడప భాయ్ సంతోషించాడు. కానీ లెక్క రాసేవాళ్లం కనుక జమ రాసి ఖర్చు రాయకుండా వదలలేం. నిజామాబాద్ తమ్ముడి పక్కన కూడా న్యాయముంది.

1565 జనవరిలో బీజాపూర్, అహ్మద్‌నగర్, బీదర్, గోల్కొండ సుల్తానులు నలుగురూ కలిసి విజయనగరం మీదికి వెళ్లారు. దాన్నే తళ్లికోట యుద్ధం అని, రాక్షసి తంగడి యుద్ధం అని చదువుకున్నాం. ఆ నలుగురిలో ఇబ్రహీం ఉన్నాడు. ఏడేళ్లు తనకు అన్నం పెట్టిన రామరాయల తల ఆ రోజు తెగింది. తనకు తెలుగు నేర్పిన విజయనగరం దోపిడీకి గురై పాడుబడింది. ఇప్పుడు హంపీలో మనం చూసేది ఆ మిగిలినదే.

ఎందుకు వెళ్లాడు? గద్దెనెక్కిన తరువాత ఇద్దరికీ చెడింది. రామరాయలు దక్కను సుల్తానుల్లో ఒకరి మీద ఒకరిని ఎగదోసి తన పబ్బం గడుపుకునేవాడు. ఆయన సైన్యాలు గోల్కొండ నేల మీద కూడా పడ్డాయి. రాజ్యాల లెక్కలో ఇబ్రహీం చేసింది అర్థమవుతుంది. అన్నం లెక్కలో మాత్రం అర్థం కాదు. తండ్రి తన యజమాని పేరును మసీదు రాతి మీద ఉంచాడు. కొడుకు తనను కాపాడినవాడి మీదికి కత్తి ఎత్తాడు. ఈ రెండూ ఒకే ఇంటి కథలు.

ఇంకొకటి. 1579లో గోల్కొండ దండు అహోబిలం మీద పడింది, నరసింహస్వామి గుడిని దోచుకుంది. పద్యాలు విన్న ఇబ్రహీం సైన్యమే అది. ఆ దండును నడిపినవాడు మురహరి రావు అనే బ్రాహ్మణ సేనాని. ఇది చెబితే తమ్ముడికీ భాయ్‌కీ ఇద్దరికీ నోట మాట రాలేదు. ఎవరి పక్షాన వాదించాలో తెలియని సంగతి అది. చరిత్రలో ఎక్కువ సంగతులు అలాంటివే.

ఊరు కట్టినవాళ్లు

ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? 1591లో హైదరాబాద్‌కు పునాది వేసి చార్మినార్ కట్టించింది ఈయనే. హిజ్రీ సంవత్సరం వెయ్యి వస్తున్న వేళ అది. నగరానికి నమూనా గీసిన మంత్రి మీర్ మోమిన్ కూడా ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చిన గరీబే. ఆయన సమాధి ఇప్పటికీ పాతబస్తీలో ఉంది. సుల్తాను స్వయంగా కవి. దక్కనీలో వేల పద్యాలు రాశాడు. వాటిలో వసంతం ఉంది, మిరుగం ఉంది. తొలకరి కోసం మన రైతు ఎదురుచూసే మిరుగం మీద ఒక సుల్తాను కవిత్వం చెప్పాడు.

ఆయన కట్టించిన బాద్‌షాహీ అషుర్‌ఖానా హైదరాబాద్‌లో నేటికీ ఉంది. మొహర్రం నాడు అక్కడ ఆలమ్‌లు నిలుపుతారు. ఆ ఆచారమే ఊళ్లకు పాకి పీర్ల పండుగ అయింది. కరీంనగర్, మెదక్ ఊళ్లలో పీర్లను ఎత్తుకునేది చాలాచోట్ల హిందువులే కదా. ఇక్కడ మనామాలో ఆషూరా ఊరేగింపు చూసినప్పుడు మన పల్లెటూరి వాళ్లకు ఏదో తెలిసినట్టే అనిపించేది అందుకే. నిప్పుల గుండం చుట్టూ అసైదులా ఆడినవాడికి ఆ డప్పుల దరువు కొత్త కాదు.

తరువాతి సుల్తానుల కాలంలో ఫర్మానాలు పారసీలోనూ తెలుగులోనూ కలిపి వెలువడేవి. మా గుమస్తా ఉద్యోగంలో ఆ వాసన ఇంకా ఉంది. రోజూ పొద్దున్నే మేము పట్టేది హాజరు పట్టీ. హాజరు అరబ్బీ మాట. జమ, బాకీ, వసూలు, తారీఖు, ఇవన్నీ అరబ్బీ మాటలే. మేము మొదట వచ్చినప్పుడు ఇక్కడి సూపర్‌వైజరు నోట 'హాదిర్' అన్న మాట విని ఆశ్చర్యపోయాం. మా తాత పటేలు దగ్గర పలికిన మాటే. కుతుబ్‌షాహీలు ఒక్కరే తెచ్చారని కాదు. వాళ్లకు ముందు బహమనీలు, తరువాత మొగలులు, నిజాములు అందరి చేతుల మీదుగా వచ్చాయి.

ముత్యాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గోల్కొండ అంటే లోకానికి వజ్రాలు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60 వేల మంది పనిచేస్తుండగా చూశానని తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. అదే తావెర్నియే అదే పుస్తకంలో బహ్రెయిన్ చుట్టూ సముద్రంలో ముత్యాలు తీయడం గురించి కూడా రాశాడు. ఇక్కడ ఊపిరి బిగబట్టి నీటి అడుక్కి దిగినవాళ్లు, అక్కడ కొల్లూరులో మట్టి తవ్వినవాళ్లు, ఒక్కరి పేరూ ఆ పుస్తకంలో లేదు. కోహినూరు ఎవరి చేతులు మారిందో చాలా పేర్లు చెప్పగలం. తవ్వి తీసింది ఎవరో చెప్పలేం. కోటకు రాళ్లు మోసినోళ్లు ఎవరు అని భాయ్ అడిగిన ప్రశ్నకు చరిత్రలో ఉన్న జవాబు ఇంతే.

తలుపు తీసినవాడు, నిలబడ్డవాడు

చివరి సుల్తాను అబుల్ హసన్. మనకు తానీషా. ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలు. భద్రాచలంలో గుడి కట్టించిన తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోల్కొండ చెరసాలలో ఉన్నది ఈయన ఏలుబడిలోనే. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాద్రికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతోనే మొదలైందని చెబుతారు. రామదాసును చెరలో పెట్టిందీ ఆ రాజ్యమే, రాముడి పెళ్లికి ముత్యాలు పంపిందీ ఆ రాజ్యమే.

1687లో ఔరంగజేబు గోల్కొండను చుట్టుముట్టాడు. ఎనిమిది నెలలు ముట్టడి సాగింది. అంత పెద్ద మొగలు సైన్యం కూడా ఆ గోడలను పగలగొట్టలేకపోయింది. చివరికి ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సొంత సర్దారే లంచం తిని తలుపు తీశాడు. శత్రువు లోపలికి వచ్చాక అడ్డం తిరిగి నిలబడ్డవాడు అబ్దుర్రజాక్ లారీ. ఒళ్లంతా సుమారు 70 గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ఆయన తెగువ చూసి ఔరంగజేబే వైద్యులను పంపించాడని రాశారు.

లారీ అన్నది ఇంటిపేరు కాదు, ఊరు పేరు. ఇరాన్ దక్షిణాన లార్ అని ఒక ఊరుంది, ఆయన అక్కడివాడు. ఇక్కడి నుంచి చూస్తే సముద్రానికి ఆ పక్కనే ఉంటుంది. అంటే ఆయనా గరీబే. గోల్కొండలో పుట్టనివాడు గోల్కొండ కోసం చివరి దాకా నిలబడ్డాడు.

తానీషాను దౌలతాబాద్ కోటకు పట్టుకెళ్లారు. బందీగానే చనిపోయాడు. ఆయన సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. గోల్కొండ దగ్గర ముత్తాతలంతా వరుసగా పడుకుని ఉన్నచోట ఆయనకు జాగా దొరకలేదు. పరాయి నేల నుంచి వచ్చిన వంశంలో చివరివాడు కూడా పరాయి నేలలోనే కలిశాడు. మన క్యాంపుల నుంచి పెట్టెల్లో తిరిగి వెళ్లినవాళ్లను చూసినవాళ్లం కనుక, ఈ మాట రాసేటప్పుడు మా చెయ్యి కాసేపు ఆగింది.

మేస్త్రీ అన్నకు జవాబు

మనోళ్లా, పరాయోళ్లా? మాకు తోచింది ఇది. సుల్తాన్ కులీ పరాయివాడిగానే వచ్చాడు, అందులో తప్పూ లేదు, గొప్పా లేదు. పుట్టిన ఊరును బట్టి ఎవరూ మనవాళ్లు కాలేదు. పన్నీ తలుపు తీశాడు, లారీ నిలబడ్డాడు. ఇబ్రహీం మన పద్యం విన్నప్పుడు మనవాడయ్యాడు. రామరాయల మీదికి వెళ్లినప్పుడు, అహోబిలానికి దండును పంపినప్పుడు కాకుండా పోయాడు. ఒకే మనిషి ఒక రోజు మనవాడు, ఇంకో రోజు కాడు. మొత్తం వంశానికి కలిపి ఒకే ముద్ర వేయమంటే మా వల్ల కాదు.

ఇంకో మాట మనకోసం. ఇక్కడ ఏడేళ్లు, పదేళ్లు ఉన్నవాళ్లం. అరబ్బీలో మనకు వచ్చినవి ఎన్ని? "యల్లా", "మాఫీ మాలూం", "బుక్రా". ఇందులో తప్పంతా మనదే అనలేం. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడికి భాష నేర్చుకునే ఓపిక ఎక్కడిది? నేర్పేవాళ్లెవరు? కానీ పక్క మంచం మీద పడుకునే మలయాళీ భాషైనా, బంగ్లా భాషైనా నాలుగు మాటలు నేర్చుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. తిరిగి వెళ్లేటప్పుడు పెట్టె బరువూ పెరగదు.

సెలవు మీద వెళ్లేవాళ్లకు చిన్న సలహా. శంషాబాద్‌లో దిగి నేరుగా ఊరి బస్సు ఎక్కుతాం కదా. తిరుగు ప్రయాణంలోనైనా ఒక పూట ఆగి, పిల్లలను తీసుకుని గోల్కొండ పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధులు చూడండి. 2013 నుంచి ఆగాఖాన్ సంస్థ వాటిని బాగు చేయించింది. సుల్తాన్ కులీ సమాధి చిన్నది. ఇబ్రహీం సమాధి మీద ఒకప్పటి రంగు పలకలు ఇంకా కొన్ని మిగిలాయి. పిల్లలు అడిగితే యయాతి చరిత్ర సంగతీ చెప్పండి, తళ్లికోట సంగతీ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచకండి.

ఈ వ్యాసం చిత్తుప్రతిని మొన్న గురువారం రాత్రి మెస్‌లో చదివి వినిపించాం. భాయ్, తమ్ముడు ఇద్దరూ ఉన్నారు, వేరువేరు బల్లల దగ్గర. చదవడం అయ్యాక తమ్ముడు, "రామరాయలను చంపుడు మాత్రం పద్ధతి కాదు" అన్నాడు. భాయ్ కాసేపు ఊరుకుని, "కాదు" అన్నాడు. అంతకు మించి ఏమీ మాట్లాడుకోలేదు. శుక్రవారం పొద్దున తమ్ముడి సిలిండరులో గ్యాస్ అయిపోయింది. పప్పు కుక్కర్ చేత్తో పట్టుకుని భాయ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భాయ్ జరిగి దారి ఇచ్చాడు.